ఎంపికలు ఎక్కువయ్యాయా, ఏరే పని మన నెత్తిన పడిందా?

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకి బయటి ఊళ్ళ చుట్టాల నుంచి వచ్చే ఫోన్లలో చాలావాటికి ఒకటే ప్రశ్న: "దర్శనానికి ఏది బెటర్?" మూడొందల టికెట్టా, సర్వదర్శనం టోకెనా, నడిచి వెళ్తే వేరే టోకెన్ ఇస్తారంట కదా, శ్రీవాణి ట్రస్టుకి విరాళం ఎంత కట్టాలి, నాన్నకి అరవై ఐదు దాటాయి కాబట్టి పెద్దవాళ్ళ లైన్ ఉంటుందా, లక్కీ డిప్‌లో సేవ తగిలితే ఇవన్నీ అక్కర్లేదా... పావుగంట మాట్లాడాక అడిగినవాళ్ళు మొదటికన్నా ఎక్కువ అయోమయంలో ఫోన్ పెట్టేస్తారు. ఇంటర్ అయిపోయిన పిల్లలున్న ఇంట్లో ఇదే గోల వెబ్ ఆప్షన్ల రూపంలో వస్తుంది. నెలజీతం వచ్చే ఇంట్లో పాత పన్ను విధానమా, కొత్తదా అని. ఇవేవీ లేకపోయినా రాత్రి తొమ్మిదింటికి ఫుడ్ యాప్ తెరిచి, అరగంట సేపు వేలితో తోసి తోసి, చివరికి ఎప్పుడూ తెప్పించుకునే బిర్యానీయే తెప్పించుకోవడం మామూలే.

అందుకే "చాయిస్‌లు ఎక్కువైపోయాయి, మన టెన్షన్‌కి అదే కారణం" అనే మాట గట్టిగా వినిపిస్తోంది. పెద్దవాళ్ళు పాతరోజులే నయం అంటారు. కుర్రవాళ్ళు నవ్వుతారు గానీ వాళ్ళకీ లోపల అదే అనుమానం. మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు ఈ సంగతిని పాతికేళ్ళుగా కొలుస్తూనే ఉన్నారు, వాళ్ళ లెక్కలు ఒకదానితో ఒకటి కుదరడం లేదు. ఎందుకు కుదరడం లేదో చూస్తేనే విషయం బోధపడుతుంది. నా లెక్క ముందే చెప్పేస్తాను: నింద అంతా రకాల సంఖ్య మీద వేస్తున్నాం గానీ, నిజంగా పెరిగింది ఏరే పని. అది ఇదివరకు వేరేవాళ్ళు చేసేవాళ్ళు, ఇప్పుడు మన చేతికొచ్చింది.

ఒకే గాటన కట్టిన మూడు సంగతులు

మన ముందు ఎన్ని రకాలున్నాయి అనేది ఒకటి. వాటిలో ఏది కావాలో తేల్చే హక్కు మనదా కాదా అనేది ఇంకొకటి. తెలుసుకుని, పోల్చుకుని, వద్దనుకున్నవి తీసేసే శ్రమ మూడోది. ఈ మూడూ ఒకటే అనుకోవడంతోనే గొడవ మొదలవుతుంది.

తిరుమల అన్నప్రసాదం తీసుకోండి. 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన పథకం, ఇప్పుడు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో రోజూ వేలమంది తింటారు. మెనూ ఉండదు. వడ్డించింది తినడమే. అక్కడ రకాల సంఖ్య సున్నా, శ్రమా సున్నా, అయినా నా స్వేచ్ఛ పోయింది అని అక్కడ ఎవరూ బాధపడగా చూడలేదు. అదే మనిషి కిందికి దిగొచ్చి హోటల్లో ఎనిమిది పేజీల మెనూ తెరిస్తే ముఖం చిట్లిస్తాడు. తినేది అన్నమే, కూరే, ముఖం చిట్లించేలా చేసింది మూడో సంగతి.

పరిశోధకులు "ఎంపికల భారం" అనేదానికి కొంచెం కచ్చితమైన అర్థం ఉంది. రకాలు పెరిగేకొద్దీ మనిషి నిర్ణయాన్ని వాయిదా వేయడం, అసలు కొనకుండా వెళ్ళిపోవడం, తీసుకున్నాక కూడా "అది తీసుకుని ఉంటే" అని లోపల పీకుతూ ఉండటం. ఈ మూడింట్లో ఏదో ఒకటి కనిపిస్తేనే దాన్ని భారం అంటారు. కాసేపు తలనొప్పిగా ఉండటం దీని కిందికి రాదు.

జామ్ సీసాలు, ఆ తర్వాత వచ్చిన లెక్కలు

ఈ చర్చ మొత్తానికి మూలపురుషుడు ఒక జామ్ స్టాల్. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఒక పెద్ద కిరాణా కొట్లో రుచి చూపించే బల్ల పెట్టారు. కాసేపు 24 రకాల జామ్‌లు, కాసేపు 6 రకాలు. 24 ఉన్నప్పుడు అటుగా పోయేవాళ్ళలో వందకి 60 మంది ఆగారు, 6 ఉన్నప్పుడు 40 మంది. ఆకర్షణ వరకు పెద్ద బల్లదే గెలుపు. కానీ ఆగినవాళ్ళలో కొన్నది ఎంతమంది? 24 రకాల దగ్గర వందకి 3, 6 రకాల దగ్గర వందకి 30. ఫలితాలు 2000లో అచ్చయ్యాయి, ఆ తర్వాత ఈ పదింతల తేడా ఎక్కని మేనేజ్‌మెంట్ క్లాసు లేదు.

ఎందుకలా జరుగుతుందో చిన్న లెక్కతో ఊహించవచ్చు. 6 రకాల్ని రెండేసి చొప్పున పోల్చాలంటే 15 జతలు. 24 రకాలైతే 276 జతలు. సరుకు నాలుగింతలైతే పోలిక పద్దెనిమిదింతలు దాటింది. ఎవరూ కూర్చుని అన్ని జతలూ పోల్చరు, నిజమే, కానీ "నేను సరిగ్గా పోల్చలేదు" అనే అనుమానం ఎక్కడినుంచి వస్తుందో ఈ లెక్క చెబుతుంది.

ఇంతవరకే చదివి ఆపేసేవాళ్ళు చాలామంది. 2010లో షైబెహెన్నె, అతని సహచరులు ఇలాంటి 50 ప్రయోగాల్ని ఒకచోట చేర్చి సగటు తీస్తే ఆ భారం దాదాపు సున్నాకి వచ్చింది. కొన్ని ప్రయోగాల్లో రకాలు పెరిగితే జనం పారిపోయారు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ కొన్నారు, కలిపితే చెల్లుకు చెల్లు. ఆర్థికవేత్తలు మేం ముందే చెప్పాం అన్నారు. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది: వద్దనుకున్నది వదిలెయ్యొచ్చు, కాబట్టి ఒక రకం అదనంగా ఉన్నందుకు ఎవరికీ నష్టం ఉండకూడదు.

2015లో చెర్నెవ్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. సగటు తియ్యడం ఆపి, ఏ పరిస్థితుల్లో భారం కనిపిస్తోంది, ఎక్కడ కనిపించడం లేదు అని విడదీసి చూశారు. వాళ్ళకి నాలుగు తేడాలు దొరికాయి. సరుకుల్ని పోల్చడం ఎంత చిక్కుగా ఉంది, తేల్చుకోవడానికి టైమ్ తక్కువ ఉండటంలాంటి ఒత్తిడి ఏమైనా ఉందా, మనిషికి తనకేం కావాలో ముందే తెలుసా, ఊరికే చూడటానికి వచ్చాడా లేక ఇప్పుడే తేల్చాలా. ఈ నాలుగూ ఎదురు తిరిగినచోట ఆరు రకాలు కూడా భారమే. అనుకూలంగా ఉంటే వంద రకాలున్నా హాయిగా ఉంటుంది. కాఫీ పొడి కొట్టుకి వెళ్ళి "పావుకిలో, చికోరీ తక్కువ వెయ్యి" అనే మనిషికి ఆ కొట్లో ఎన్ని డబ్బాలున్నాయో కంటికి ఆనవు.

కాబట్టి రెండు పక్షాలవాళ్ళ మాటా కొంత నిజమే. జామ్ ప్రయోగం అబద్ధం అనడానికి లేదు, దాన్ని పట్టుకుని మొత్తం ఆధునిక జీవితం మీద తీర్పు చెప్పడానికీ లేదు.

రెండే దారులున్నా తల తిరిగే లెక్క

సంఖ్యకీ భారానికీ సంబంధం ఎంత వదులుగా ఉంటుందో చూడాలంటే ఆదాయపు పన్ను చాలు. దారులు రెండే రెండు. 2020 బడ్జెట్‌లో కొత్త విధానం తెచ్చారు, 2023-24 నుంచి అడక్కపోతే అదే వర్తిస్తుంది. రెండింట్లో ఒకటి, ఇంతకంటే చిన్న మెనూ ఉండదు. అయినా జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి ప్రతి ఆఫీసులో ఇదే చర్చ.

16 లక్షల జీతం వచ్చే ఒకరి లెక్క వేద్దాం, 2025-26 ఆర్థిక సంవత్సరానికి. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోతే 15.25 లక్షలు. మొదటి 4 లక్షలకి పన్ను లేదు, తర్వాతి 4 లక్షలకి 5 శాతం అంటే 20 వేలు, ఆ తర్వాతి 4 లక్షలకి 10 శాతం అంటే 40 వేలు, మిగిలిన 3.25 లక్షలకి 15 శాతం అంటే 48,750. మొత్తం 1,08,750, సెస్సుతో 1,13,100 రూపాయలు.

పాత విధానంలో అదే మనిషి 50 వేల స్టాండర్డ్ డిడక్షన్, 80సీ సెక్షన్ కింద పీఎఫ్, ఎల్‌ఐసీలాంటి పొదుపులు లక్షన్నర, ఆరోగ్య బీమా 25 వేలు, ఇంటి అప్పు వడ్డీ 2 లక్షలు చూపించాడనుకుందాం. మిగిలేది 11.75 లక్షలు. స్లాబుల ప్రకారం 12,500, ఒక లక్ష, 52,500 కలిపితే 1,65,000, సెస్సుతో 1,71,600. ఇన్ని మినహాయింపులు చూపించినా కొత్తదే 58,500 తక్కువ. దీనికి ఇంటద్దె మినహాయింపు పెద్దమొత్తంలో కలిస్తే లెక్క మళ్ళీ మారిపోవచ్చు. జీతం 12.75 లక్షల లోపే అయితే కొత్త విధానంలో రిబేటు వల్ల పన్నే ఉండదు కాబట్టి వాళ్ళకి ఈ చర్చే అనవసరం, కానీ ఆ సంగతి తెలియక వాళ్ళూ తల బాదుకుంటారు.

పైకి దారులు రెండే. ఒక్కోదాని లోపల పది అంకెలు, ఆ అంకెలు ఒక్కో ఇంటికి ఒక్కోలా. భారం అక్కడుంది.

ఒకటే సరుకు, పది పేర్లు

ఇంకో రకం గందరగోళం ఉంది, నాకు ఒళ్ళుమండేది దీని దగ్గరే. సరుకు పెరగకుండా పేర్లు పెరగడం.

ఇంజినీరింగ్ కాలేజీల బ్రాంచ్ లిస్టులో కంప్యూటర్ సైన్స్ వరుస చూడండి. సీఎస్‌ఈ. సీఎస్‌ఈ ఏఐ. సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్. సీఎస్‌ఈ డేటా సైన్స్. సీఎస్‌ఈ సైబర్ సెక్యూరిటీ. విడిగా ఏఐ అండ్ డీఎస్. పైన ఇంకో రెండు మూడు. వీటిలో నిజమైన తేడాలు కొన్ని ఉన్నాయి, చివరి రెండేళ్ళ సబ్జెక్టుల్లో కనిపిస్తాయి కూడా. కానీ మొదట్లో చదివే పాఠాల్లో చాలాభాగం ఒకటే, చెప్పే మాస్టార్లు తరచుగా ఒకరే, చివరికి క్యాంపస్‌కి వచ్చే కంపెనీ అడిగే పరీక్షా ఒకటే. పదిహేడేళ్ళ పిల్లాడు, ఎప్పుడూ ఇంజినీరింగ్ గడప తొక్కని తల్లిదండ్రులు, ఈ పేర్ల మధ్య తేడా ఏంటో రాత్రి పన్నెండింటిదాకా యూట్యూబ్‌లో వెతుక్కుంటారు.

మ్యూచువల్ ఫండ్లలోనూ ఇదే తమాషా. ఒకే మేనేజర్, అవే షేర్లు. కానీ 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కీ డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు ప్లాన్లు ఉన్నాయి. మళ్ళీ ఒక్కోదాంట్లో గ్రోత్, డివిడెండ్ తరహాది. అలా ఒక్క ఫండ్ యాప్‌లో నాలుగు పేర్లతో కనిపిస్తుంది. ఇందులో డైరెక్ట్, రెగ్యులర్ మధ్య తేడా నిజంగా డబ్బు తేడా, రెగ్యులర్‌లో ఏజెంట్ కమీషన్ కలిసి ఉంటుంది. అసలు పట్టించుకోవాల్సిన ఈ ఒక్క తేడా మిగతా పేర్ల మధ్య కలిసిపోతుంది.

వెబ్ ఆప్షన్లు: ఎక్కువ పెడితే నష్టమా?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎంపికల గోల అంటే జనానికి మొదట గుర్తొచ్చేది ఈఏపీసెట్ కౌన్సెలింగే కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

ర్యాంకు వచ్చాక ఫీజు కట్టి, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అయ్యాక, కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్ జతలుగా ఆప్షన్లు ఇవ్వాలి. ఎన్నైనా పెట్టుకోవచ్చు. 20 కాలేజీలు, ఒక్కోదాంట్లో 8 బ్రాంచ్‌లు పరిశీలించే ఇంట్లో 160 జతలు తయారవుతాయి. వీటిని ఒక వరుసలో పెట్టాలి. ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ పోతే 12,720 పోలికలు. ఎవరికైనా పిచ్చెక్కుతుంది.

అయితే కంప్యూటర్ చేసే పని చాలా సాదా. ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి దగ్గరికి వస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ లిస్టుని పైనుంచి కిందికి చూస్తుంది. మీ రిజర్వేషన్, లోకల్ కోటా ప్రకారం మీకు వర్తించే సీటు ఎక్కడ మొదట ఖాళీ కనిపిస్తే అక్కడ పెట్టేసి తర్వాతి ర్యాంకుకి వెళ్ళిపోతుంది. అంతే.

ఇద్దరు విద్యార్థుల్ని ఊహించుకుందాం, దాదాపు ఒకే ర్యాంకు, ఒకే కేటగిరీ. మొదటి పిల్ల తనకి బాగా నచ్చిన ఐదు ఆప్షన్లే పెట్టింది. రెండో పిల్ల అవే ఐదూ అదే వరుసలో పెట్టి, కింద ఇంకో యాభై ఐదు చేర్చింది. మొదటి ఐదింట్లో ఏదో ఒకచోట ఖాళీ ఉంటే ఇద్దరికీ వచ్చేది అదే స్థాయి సీటు, కింద పెట్టిన యాభై ఐదు వల్ల రెండో పిల్లకి పైసా నష్టం లేదు. ఐదూ నిండిపోయి ఉంటే మొదటి పిల్లకి ఆ రౌండ్‌లో సీటే రాదు, రెండో పిల్లకి ఆరో నంబరో, అరవయ్యో నంబరో, ఏదో ఒకటి చేతికొచ్చే అవకాశం ఉంటుంది.

"మొదటి ఆప్షన్‌గా పెద్ద కాలేజీ పెట్టి అది రాకపోతే, రెండోదాంట్లో మన అవకాశం తగ్గిపోతుంది" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక మామయ్య చెబుతాడు. ఈ పద్ధతిలో అది జరగదు. సీటు ర్యాంకుని చూస్తుంది, ఆ ఆప్షన్ మీ లిస్టులో ఎన్నోదో చూడదు. దెబ్బ తగిలేది వేరే చోట: అంతగా ఇష్టంలేని కాలేజీని ఇష్టమైనదానికి పైన పెడితే. అప్పుడు ఇష్టమైనదాంట్లో సీటున్నా కంప్యూటర్ అక్కడిదాకా రాదు.

ఇక్కడ విచిత్రం గమనించండి. ఆప్షన్లు ఎక్కువ ఉండటం విద్యార్థికి పూర్తిగా లాభం, ఆర్థికవేత్తలు చెప్పినట్టే. అదే సమయంలో ఆ వరుస పేర్చడం భరించలేని పని, మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పినట్టే. పైగా చెర్నెవ్ బృందం చెప్పిన నాలుగు పరిస్థితులూ ఇక్కడ ఎదురు తిరిగి కూర్చున్నాయి: పోలిక చిక్కు, గడువు తక్కువ, పిల్లాడికి తనకేం ఇష్టమో తెలియదు, ఇప్పుడే ఫ్రీజ్ చెయ్యాలి.

నిజానికి చాలా ఇళ్ళు ఈ 160 జతల్ని 12,720 సార్లు పోల్చవు. ముందు ఒకటి రెండు ప్రశ్నలతో కోసేస్తాయి. ఇంటినుంచి కాలేజీ బస్సులో వెళ్ళొచ్చే దూరమా, హాస్టలా? బ్రాంచ్ ముఖ్యమా, కాలేజీ ముఖ్యమా? ఈ రెండు తేలితే లిస్టు ముప్పైకి, నలభైకి దిగుతుంది. పోయిన ఏడాది చివరి ర్యాంకులు చూస్తే ఇంకా దిగుతుంది. వెనకటి ఇళ్ళల్లో బియ్యం చేటలో పోసి రాళ్ళు ఏరేవాళ్ళు చూడండి, గింజ గింజా పరీక్షించరు, రాయి కనబడితే తీసేస్తారు. అలా వద్దనుకున్నవి తీసేసుకుంటూ పోవడం, కావలసింది వెతకడం కన్నా ఎప్పుడూ తేలిక.

ఏరిపెట్టేవాడు ఎవరి మనిషి?

తిరుపతి గాంధీ రోడ్డులో ఏదైనా పెద్ద చీరల కొట్లో ఓ మూల కూర్చుని చూస్తే ఈ విద్య మొత్తం అర్థమవుతుంది. లోపల వేల చీరలు. పరుపు మీద కూర్చున్న సేల్స్ అతను మొదట చీర తియ్యడు. "మీకా అక్కా, పెట్టుబడి చీరలా?" అంటాడు. "పట్టు చూపించమంటారా, ఫ్యాన్సీనా?" తర్వాత, కొంచెం గొంతు తగ్గించి, "ఎంతలో?" మూడు ప్రశ్నలు. వేలల్లోంచి ముప్పైకి వచ్చేశాడు. ఇక ఒక్కొక్కటీ విప్పి పమిట చూపిస్తూ ఆమె మాటలు సగమే వింటాడు, ఆమె చెయ్యి ఎక్కడ ఆగుతోందో చూస్తాడు. చెయ్యి ఆగినవి పక్కన పెడతాడు. మిగతావి మాట్లాడుతూనే మడిచి వెనక్కి విసిరేస్తాడు, కంటికి కనబడకుండా. చివర్లో ఆమె ముందు రెండో మూడో ఉంటాయి. ఆ మధ్యలో ఆమె చెప్పిన రేటుకంటే రెండు వేలు ఎక్కువదాన్ని "ఊరికే చూడండక్కా" అని ఒకసారి విప్పి ఉంటాడు, దాని పక్కన మిగతావి చవగ్గా కనిపించడానికి.

ఏరే పనిని ఇంత బాగా చేసిపెట్టే మనిషి ఉన్నచోట వేల రకాలు కూడా భారం కావు. కానీ అతను జీతం తీసుకునేది కొట్టు యజమాని దగ్గర. చర్చలో జనం ఎక్కువగా వదిలేసే సంగతి ఇదే. ఎక్కడ ఏరడం కష్టమవుతుందో అక్కడ మధ్యవర్తి పుడతాడు. అడ్మిషన్ల కన్సల్టెన్సీవాడు, బీమా ఏజెంటు, "దర్శనం మనం చూసుకుంటాం" అనే దళారి. యాప్‌లో ముందు వరుసలో కనిపించే సరుకు కూడా అంతే, చాలాసార్లు పైచోటికి డబ్బు కట్టిందే. ఇంతకుముందు ఊళ్ళో మాస్టారో, ఇంటి పెద్దో చేసేవాళ్ళు, వాళ్ళకి తెలిసింది తక్కువే అయినా కమీషన్ ఉండేది కాదు. అలాగని వాళ్ళు చెప్పిందంతా మన మేలుకే అని కూడా చెప్పలేం, వాళ్ళకి వాళ్ళ పట్టుదలలుండేవి.

దర్శనం విషయం ఇక్కడ తేల్చేయొచ్చు. పేర్లు ఎన్ని ఉన్నా ఒక్కో కుటుంబానికి నిజంగా మిగిలేవి ఒకటో రెండో. వచ్చే తేదీ ముందే ఖాయమై, ఆన్‌లైన్ కోటా వదిలిన రోజు బుక్ చేసుకుంటే మూడొందల టికెట్టు. తేదీ ఖాయం కాకపోతే కింద తిరుపతిలో ఇచ్చే టోకెన్, అదీ దొరక్కపోతే క్యూ కాంప్లెక్స్‌లో ఎన్ని గంటలైతే అన్ని గంటలు. మోకాళ్ళు బాగుంటే నడకదారి, జేబు బాగుంటే శ్రీవాణికి పదివేలు. చుట్టాలు "ఏది బెటర్" అని అడుగుతారు గానీ, తేదీ, వయసు, డబ్బు చెప్పగానే జవాబు దానంతట అదే తేలిపోతుంది.

మనిషితో పని లేకుండా వ్యవస్థే ఏరిపెట్టే దారి ఇంకోటుంది. ఏమీ చెప్పకపోతే ఇది వర్తిస్తుంది అని ముందే ఒకటి పెట్టి ఉంచడం. స్వీడన్ 2000లో పింఛను డబ్బులో కొంత భాగాన్ని పౌరులే తమకిష్టమైన ఫండ్‌లో పెట్టుకోవచ్చంది. లిస్టులో 456 ఫండ్లు. మీరే ఎంచుకోండి అని ప్రభుత్వం తెగ ప్రచారం చేసింది, మూడింట రెండొంతుల మంది ఎంచుకున్నారు కూడా. తొలి మూడేళ్ళలో మార్కెట్ పడినప్పుడు, ఏమీ చెప్పనివాళ్ళ కోసం ఉంచిన ఫండ్ కంటే, సొంతంగా ఎంచుకున్నవాళ్ళు సగటున ఎక్కువ నష్టపోయారు. ప్రచారం ఆగాక కొత్తగా చేరినవాళ్ళలో పదిమందికి ఒకరు కూడా ఎంచుకోలేదు. దీన్ని కొందరు విజయం అంటారు, పని తప్పించారు కాబట్టి. ఇంకొందరికి భయం, ముందే పెట్టి ఉంచేది ఏదో నిర్ణయించేవాడి చేతిలో అంత అధికారం ఎందుకని. మన పన్ను విధానంలో జరిగిందీ ఇదే, అడక్కపోతే కొత్తది.

బెస్టే కావాలనేవాళ్ళు, ఇది చాలనేవాళ్ళు

1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ చాలా ముందే, 1950లలోనే, ఒక మాట చెప్పాడు. మనిషి అన్నింట్లోకీ మేలైనదాన్ని వెతకడు, తను గీసుకున్న గీత దాటింది మొదట ఏది దొరికితే దాంతో ఆగిపోతాడు, ఆగిపోవడమే తెలివైన పని, ఎందుకంటే వెతుకులాటకీ ఖర్చుంటుంది. తర్వాత బ్యారీ ష్వార్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని మనుషుల స్వభావాలకి అన్వయించాడు. 2006లో అయ్యంగార్, వెల్స్, ష్వార్ట్జ్ కలిసి అచ్చువేసిన అధ్యయనంలో, చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్న విద్యార్థుల్లో బెస్టే కావాలనే రకం మిగతావాళ్ళకంటే 20 శాతం ఎక్కువ జీతం సంపాదించారు. తృప్తి మాత్రం వాళ్ళకే తక్కువ. ఎవరి పక్షం వాదించేవాళ్ళయినా ఈ ఫలితాన్ని తమకి అనుకూలంగా వాడుకోవచ్చు, వాడుకుంటున్నారు కూడా.

తృప్తి తగ్గడం వెనక నాకు కనిపించేది నింద. నాన్న చేర్పించిన కాలేజీ బాగోలేకపోతే నాన్నని తిట్టుకోవచ్చు. 160 ఆప్షన్లు నువ్వే పేర్చుకుంటే తిట్టుకోవడానికి ఎవరూ ఉండరు. అలాగని పెద్దవాళ్ళు ఎంచితేనే మేలు అనేయడానికీ లేదు. అయ్యంగార్, లెప్పర్ 1999లో చిన్నపిల్లలతో చేసిన ప్రయోగంలో, తెల్లజాతి అమెరికన్ పిల్లలు తాము ఎంచుకున్న పదాల ఆటలో బాగా రాణించారు. ఆసియా మూలాలున్న పిల్లలు, ఇది మీ అమ్మ ఎంచింది అని చెప్పినప్పుడు అందరికంటే బాగా ఆడారు. కానీ ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళు ఎంచినప్పుడు ఇద్దరూ వెనకబడ్డారు. అంటే ఎంచింది ఎవరు, వాళ్ళమీద నమ్మకం ఉందా అనేది ఒక్కోచోట ఒక్కోలా పనిచేస్తోంది. మన దగ్గర ఇరవైల్లో ఉన్న పిల్లలకి ఇదే వర్తిస్తుందా అంటే, ఏడెనిమిదేళ్ళ పిల్లల ఆట నుంచి పెళ్ళిళ్ళదాకా గెంతడం మంచిది కాదు.

ఎంపికే లేనివాళ్ళ సంగతి

పాతరోజుల హాయి గురించి మాట్లాడేవాళ్ళు ఒకటి దాటవేస్తారు. 1991కి ముందు కారంటే అంబాసిడర్, ఫియట్, ఎనభైల్లో వాటికి తోడు మారుతి, స్కూటరంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూపు, ఇంట్లో ఫోన్ పెట్టించుకోవాలన్నా అంతే. ఏరే పని లేదు, నిజమే. దాని బదులు క్యూ ఉండేది, సిఫారసు ఉండేది.

ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో అబ్బాయికి 160 ఆప్షన్లు, అమ్మాయికి "రోజూ ఇంటికి వచ్చేసేట్టు ఉండాలి" అనే ఒక్క గీతతో నాలుగు. ఆ అమ్మాయి దగ్గర కూర్చుని ఎంపికలు ఎక్కువైపోయాయి అంటే ఏమంటుందో అడగక్కర్లేదు.

మామిడి రైతు పరిస్థితి ఇంకా తేటగా కనిపిస్తుంది. మే, జూన్ నెలల్లో తిరుపతిలో పండ్ల బండి దగ్గరికి వెళ్తే బేనీషా, ఇమాంపసంద్, ఖాదర్, మల్గోబా, కాలేపాడు, నీలం, కొనేవాడికి పండగ. తోటల్లో మాత్రం ఎక్కువభాగం తోతాపురి, ఎందుకంటే ఈ ప్రాంతంలోని గుజ్జు ఫ్యాక్టరీలకి కావలసింది అదే. ఫ్యాక్టరీలు బాగా కొన్నన్నాళ్ళూ అది మంచి నిర్ణయమే. 2025 సీజన్‌లో ధర కుప్పకూలింది. కిలోకి 12 రూపాయలు, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేట్టు నిర్ణయించారు, ఫ్యాక్టరీలు ఆ 8 కూడా ఇవ్వడం లేదని రైతులు మొత్తుకున్నారు, గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. పక్వానికి వచ్చిన కాయ చెట్టున ఆగదు, కోసిన కాయ ట్రాలీలో ఆగదు. ఇంకో కొనుగోలుదారుడిని వెతుక్కునే వ్యవధే ఉండదు.

రకం మార్చుకోమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, కొందరు మారుస్తున్నారు కూడా. పెద్ద చెట్టు కొమ్మలు నరికి వేరే రకం అంటు కట్టాలి, మళ్ళీ చెప్పుకోదగ్గ కాపు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అప్పటికి బేనీషా ధర ఎంతుంటుందో, ఫ్యాక్టరీలు మళ్ళీ తోతాపురికి ఎగబడతాయో ఇవాళ దామలచెరువు మండీలో ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మొక్క నాటిన రోజు తీసుకున్న నిర్ణయమే ఇరవై ముప్పై ఏళ్ళు నడుస్తోంది, సగం చెట్లు మార్చి సగం ఉంచుకునే స్తోమత కూడా నాలుగైదు ఎకరాలు పైబడినవాళ్ళకే.